వేటకు దగిన తూటా



పంచకావ్యములు చదివి, ముప్పదినాలుగు సంవత్సరములు బడిపిల్లలకు సంధులును సమాసములును బోధించిన వృద్ధుడు తూటాలను గూర్చి ప్రసంగింప వచ్చినాడేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. నేను తుపాకి పేల్చినవాడను గాను. మాంసము ముట్టినవాడను గాను. అయినను ఈ విషయమున నాకొక పాత ఋణ మున్నది. దానిని మొదట విన్నవించి పిదప శాస్త్రములోనికి వచ్చెదను.

నా పూర్వశిష్యు డొకడు అమెరికాలో మొంటానా రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట అనుమతిపత్రము పొంది ఎల్కు అను మృగమును వేటాడుట చట్టసమ్మతము. ఎల్కు మన కణుజునకు దాయాది, అంతకంటె పెద్దది. పోతు ఏడువందల పౌనుల బరువు తూగును. స్నేహితులు అతనిని వేటకు పిలిచిరట. “మాస్టారూ, అంగడిలో నూఱురకముల తూటా లున్నవి. ఏది కొనవలెనో తోచకున్నది. గుండును తక్కెడలో తూచి మాకు చూపినవారు మీరే గదా, మీరే చెప్పండి” అని నాకు వ్రాసినాడు. మన దేశమున 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే వేట నిషిద్ధమైనది. మనుష్యులకు గాని పైరులకు గాని ముప్పు గలిగించు మృగమును అధికారుల వ్రాతమూలకమైన అనుమతితో చంపుట యొక్కటియే మిగిలినది. కావున నా మాటలు ఆ శిష్యునివంటి వారికిని, అట్టి అనుమతి పొందినవారికిని మాత్రమే.

ఇక ఋణము సంగతి. నేను పనిచేసిన యూరు నల్లమల యడుగున నున్నది. బడి యరుగుమీద ప్రతిదినము ఒక చెంచు పెద్దాయన వచ్చి కూర్చుండెడివాడు. ఎడమకాలు ఈడ్చుకొని నడచెడివాడు. 1968లో పట్నమునుండి వచ్చిన యొక వేటగానికి ఆయన జాడ తీసెను. అడవిపంది ఇరువది యడుగులలో ఎదురు వచ్చినది. వేటగాడు కాల్చెను. గుండు సరిగా భుజమునకే తగిలినది. పంది పడలేదు, పొదలో దూఱినది. జాడపట్టి ముందు నడచినవాడు ఈ పెద్దాయన గనుక కోఱ ఆయన తొడలోనే దిగినది. పంది మఱునాడు చచ్చినది. దాని భుజమునుండి తీసిన గుండును ఆయన మందులసంచిలో దాచుకొనెను. “చూడు సామీ, తలకాయ పువ్వయింది, కడుపు చేరలే” అని నాకు చూపినాడు. రాగి రేకు చిట్లి, సీసము చెదరిపోయి, ఎండిన జిల్లేడుపువ్వువలె నుండెను. వేటగాడు పాఱవేసిపోయిన తూటాపెట్టెకూడ ఆయనయొద్ద నుండెను. దానిపై 130 గ్రెయిన్లని అచ్చువేసియుండెను.

ఆ గుండును నేను మా యూరి కంసాలి త్రాసులో గురువిందగింజలతో తూచితిని. పిల్లలు చుట్టును మూగిరి. ఇంగ్లీషువారు గుండును గ్రెయిన్లలో తూతురు. 7,000 గ్రెయిన్లు ఒక పౌను. పూర్వపు మన తులము సరిగా 180 గ్రెయిన్లు. నేటి దుకాణములవారి పదిగ్రాముల తులము కాదు సుడీ. తులమునకు 96 గురువిందలు. ఆ ముక్క 25 గింజల యెత్తు తూగినది. అనగా సుమారు 47 గ్రెయిన్లు. నూటముప్పదిలో మూడవవంతుకంటె కొంచె మెక్కువ మిగిలినది. తక్కినదంతయు పంది డాలుచర్మములోనే తునాతునకలై పోయినది. పెద్దాయన కాలు పోవుటకు కారణము గుఱి తప్పుట గాదు, గుండు తప్పు.

తూటా యన గుండు మాత్రమే కాదు. ఇత్తడి గొట్టము, దాని యడుగున నిప్పు పుట్టించు చిన్నటోపి, లోపల మందు, మూతివద్ద గుండు – ఈ నాలుగును గూడినది తూటా. అంగడివాడు మొదట చెప్పునది వేగము, పిదప శక్తి. గుండు బరువును వేగవర్గముచే హెచ్చించి అందు సగము తీసినచో శక్తి వచ్చును. 130 గ్రెయిన్ల గుండు సెకండునకు 3,060 అడుగుల వేగముతో వెడలినచో 2,700 అడుగుపౌనుల శక్తి గలది. 180 గ్రెయిన్ల గుండు 2,700 అడుగుల వేగముతో వెడలినచో 2,900. చూచితిరా, లెక్కలో రెండును ఇంచుమించు సమానములు. కాని పంది భుజములో ఆ రెండును సమానములు గావు. శక్తి యెంత యనునది అంగడి ప్రశ్న. ఆ శక్తి ఎంతలోతునకు పోయి ఖర్చగును అనునది అడవి ప్రశ్న.

లోతు నిర్ణయించునవి రెండు. మొదటిది గుండు నిడివి. ఒకే నాళమునకు బరువైన గుండు పొడవుగా నుండును. పొడవైనది దూరమున వేగము నిలుపుకొనును, మాంసములో దారి తప్పదు. స్వీడనువారు తరతరములుగా ఆఱున్నర మిల్లీమీటర్ల సన్నని నాళముతో, 156 గ్రెయిన్ల పొడవాటి గుండుతో, గుఱ్ఱమంత మూస్ అను దుప్పిని పడవేయుచున్నారు. కరమోజో బెల్ అను ప్రసిద్ధుడు ఆఫ్రికాలో ఏడు మిల్లీమీటర్ల తుపాకితోనే వందలకొలది ఏనుగులను చంపెను. ఇది విని ఎవ్వరును సన్నతుపాకి పట్టుకొని ఏనుగుమీదికి పోరాదు. ఆయన ఏనుగు తలపుఱ్ఱె నిర్మాణము నెఱిగి మెదడునకే గుఱిపెట్టువాడు.

రెండవది గుండు కట్టుబడి. మన కావ్యములలో బాణభేదములు చదివినవారికి ఇది వెంటనే బోధపడును. ఇనుపకాడ గల నారాచము ఛేదించుకొని పోవును. అర్ధచంద్రబాణము వెడల్పుగా కోయును. గుండులందును అట్లే. మొత్తము గట్టితొడుగు గలది నారాచము. ఏనుగునకును అడవిదున్నకును అది తగును. మూతివద్ద సీసము బయటికి కనబడు మెత్తనిముక్కు గుండు తగిలినంతనే పుట్టగొడుగువలె విచ్చుకొని పెద్దగాయము చేయును. జింకజాతికి అది తగును. ఈ మెత్తనిముక్కు గుండు 1890ల దశాబ్దమున కలకత్తా సమీపమున డండం ఆయుధాగారమున సైన్యముకొఱకు సిద్ధమైనది. అది క్రూరమని 1899లో హేగు సభవారు యుద్ధమున దానిని నిషేధించిరి. నే డింగ్లండు చట్టము జింకను కాల్చువాడు విచ్చుకొను గుండునే వాడవలెనని విధించుచున్నది! ఇది విరోధముగా తోచును గాని కాదు. సైనికుడు గాయపడి తొలగిన చాలును. మృగము గాయపడి తొలగుటయే వేటలో మహాపాపము.

కాని విచ్చుకొనుటకును ఒక మితి గలదు. గుండు రెండువందల గజములకు చేరుసరికి వేగము తగ్గి నెమ్మదిగా విచ్చుకొనును. అదే గుండు ఇరువది యడుగులలో పూర్ణవేగముతో ఎముకకు తగిలినచో చిట్లిపోవును. మా పెద్దాయన కాలు పోయినది అక్కడనే. తేలికగుండు, అతివేగము, అతిసమీపము, గట్టిభుజము – నాలుగును ఒక్కచోట గూడినవి. అమెరికావాడైన జాన్ నాస్లరు అనువానికి 1946లో ఇట్టి యనుభవమే కలిగెను. బురద యెండిన మూస్ తోలుమీద అతని వేగపు గుండ్లు పగిలిపోయెను. అతడు ఊరకుండక గుండు నడుమ రాగియడ్డుగోడ నొకదానిని నిలిపి 1948లో అమ్మకమునకు పెట్టెను. ముందరిసగము విచ్చుకొనును, గోడ వెనుకటిసగము చెదరక లోతునకు పోవును. పిమ్మట 1989లో సీసమే లేని రాగిగుండ్లు వచ్చినవి. అవి దాదాపు బరువు కోల్పోవు. సీసపుతునుకలు తిని రాబందులు చచ్చుచున్నవని కాలిఫోర్నియా రాష్ట్రము 2019 నుండి వేటలో సీసమును పూర్తిగా నిషేధించినది. అచ్చటివారికి రాగి తప్పదు.

తుపాకి పెద్దదైనకొలది మేలు గదా యని మఱికొంద ఱందురు. 1912లో ఇంగ్లండున వెలువడిన 375 తూటా 300 గ్రెయిన్ల గుండును 2,500 అడుగుల వేగముతో పంపును. సింహమునకును దున్నకును యోగ్యమైనది. కాని దాని వెనుకతన్ను ముప్పది సున్న ఆఱు అను తూటా తన్నునకు ఇంచుమించు రెట్టింపు. భుజము నొచ్చువాడు మీట నొక్కుటకు ముందే కన్ను మూయును. అట్టివాని గుండు మృగము కడుపున తగులును. జిమ్ కార్బెట్టు పెద్దజోడునాళిక నొకదానిని ఉంచుకొన్నను, 1926లో రుద్రప్రయాగ చిఱుతను కాల్చినది 275 అను తేలిక రైఫిలుతోనే. చంపావతి ఆడుపులి కుడివైపు కోఱలు పూర్వమొకని తుపాకిదెబ్బకు విఱిగినవని ఆయన వ్రాసెను. వేటకు చేతగాక అది మనుష్యులమీద పడెను. 1907లో అది చచ్చునాటికి దాని కెర యైనవారు 436 మంది యని ఆయన లెక్క. గాయపఱచి విడిచినవాడు ఎవ్వడో మన మెఱుగము.

శిష్యునకు నేను వ్రాసినది ఇది. “నాయనా, నీవు రెండువందల గజములకు మించి కాల్చను అని ముందు నిశ్చయించుకొనుము. అంత దూరమునకు 1906లో పుట్టిన ముప్పది సున్న ఆఱు తూటాయే చాలును. 1952 నాటి 308 అయినను తక్కువగాదు. కొత్తది కొనవలెనను చాపల్యము వలదు. గుండు 180 గ్రెయిన్లు, అనగా మన తులము. నడుమ గోడ గలది గాని పూర్తిరాగిది గాని కొనుము. రాగిదైనచో 165 గ్రెయిన్లకు తగ్గించినను నష్టములేదు, ఏలయన అది చెదరదు. రెండువందల గజములకు గుఱి సరిచేసినచో నూఱుగజముల వద్ద గుండు సుమారు 2 అంగుళములు మీదుగా పోవును. మూడువందల వద్ద 8, 9 అంగుళములు దిగును. ఆ దింపు లెక్కించి కాల్చుట నీవంటి క్రొత్తవానికి పని గాదు. రెండువందల గజములవద్ద వేగ మింకను 2,300 అడుగు లుండును. గుండు విచ్చుకొనుటకు సాధారణముగా 1,800 కావలెను గనుక భయము లేదు. మొదట కాగితముమీద ఇరువది తూటాలు కాల్చుము. కూర్చుండి, మోకాలూని, చెట్టున కానుకొని. పిదపనే అడవి. మృగము అడ్డముగా నిలుచువఱకు ఓర్చుకొని, ముందుకాలి వెనుక ఊపిరితిత్తులకు గుఱిపెట్టుము. ఆకుల చప్పుడు విని కాల్చకుము. దశరథుడు శబ్దము విని బాణమేసి ఏమి తెచ్చుకొనెనో నీకు నేనే పాఠము చెప్పితిని.”

ఒక మాట మఱచితిని. ఎండవేడికి మందు ఒత్తిడి హెచ్చును. పూర్వము ఇంగ్లీషువారు మన దేశమునకు పంపు తూటాలలో మందు తగ్గించి నింపెడివారు. ఇచ్చట అనుమతి పొంది పందులను కాల్చువారు తూటాపెట్టెను జీపు ముందుపలకపై ఎండలో నుంచరాదు. గొట్టము గదిలో బిగిసి రెండవతూటా ఎక్కకపోవచ్చును. పంది కట్టెదుట నున్నప్పుడు ఆ రెండవతూటా యెంత ముఖ్యమో చెప్పనక్కఱలేదు. పందికి దూరము తక్కువ, చర్మము గట్టి. కనుక బరువైన నిదానపు గుండే దానికి తగినది.

శిష్యుడు కార్తికమాసమున మఱల వ్రాసినాడు. నూటనలువది గజముల దూరమున ఒక్కటే దెబ్బ. ఎల్కు ముప్పది అడుగులు నడచి పడినదట. గోడగుండు రెండవప్రక్క తోలుక్రింద దొరకినది; కడిగి తూచగా 120 గ్రెయిన్లు. నేను లెక్కకట్టితిని: 64 గురువిందలు. పెద్దాయన లేడు; ఉన్నయెడల ఆ రెండంకెలను పలకమీద వ్రాసి అరుగుమీద చూపియుందును.