వ్యక్తిగత డిజిటల్ జ్ఞాపకాలు: భద్రపరిచే పద్ధతులు, వాటి ఎంపిక

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• డిజిటల్ జ్ఞాపకాలకు వాటిల్లే ప్రమాదాలను వర్గీకరించి చెప్పగలుగుతారు;
• వివిధ నిల్వ సాధనాల గుణదోషాలను పోల్చగలుగుతారు;
• మీ కుటుంబ పరిస్థితికి తగిన పద్ధతిని ఎంచుకొని అమలు చేయగలుగుతారు.

1. పరిచయం

2020 అక్టోబరు మధ్యలో కురిసిన కుండపోత వానలకు హైదరాబాద్ పాతబస్తీలోని లోతట్టు ప్రాంతాలు మునిగిపోయాయి. ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ, హఫీజ్‌బాబానగర్ వంటి చోట్ల ఇళ్ళలోకి నీళ్ళు వచ్చి నిలిచిపోయాయి. కొంతకాలం తరవాత ఒక సంప్రదింపు తరగతిలో అభ్యాసకురాలు ఒకరు తమ ఇంటి సంగతి చెప్పారు. ఆమె తండ్రి అంతకు ముందే చనిపోయారు. ఆయన ఫోటోల ఆల్బమ్, ఆ ఫోటోలనే స్కాన్ చేయించి దాచిన హార్డ్ డిస్క్, రెండూ బీరువా కింది అరలో పక్కపక్కనే ఉన్నాయి. ఒక్క రాత్రిలో రెండూ పాడైపోయాయి. “కాపీ చేయించాం కదా సార్, ఇంకేం చేయాల్సింది?” అని ఆమె అడిగారు.

ఆ ప్రశ్నకు జవాబే ఈ పాఠం. ఆ కుటుంబం చేసిన పని సరైనదే. అయితే అది సగంలో ఆగిపోయింది. ఒకే బీరువాలో ఉన్న రెండు కాపీలు వరద దృష్టిలో ఒకే కాపీ. ఏ సాధనం కొనాలి అని చాలామంది అడుగుతారు. అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది: ఎన్ని కాపీలు, ఎక్కడెక్కడ, ఎవరి బాధ్యతలో ఉన్నాయి?

2. జ్ఞాపకాలకు వాటిల్లే ప్రమాదాలు

వీటిని ఐదు రకాలుగా విభజించవచ్చు.

(అ) స్థలానికి వచ్చే ప్రమాదం: వరద, అగ్నిప్రమాదం, దొంగతనం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఈ నగరంలో వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతురిని ఆ వరదలో పోగొట్టుకున్నారు. ఆ దుఃఖాన్ని ఆయన కవితగా రాశారు. అది అచ్చయి ఎందరి చేతుల్లోకో చేరింది కనుకనే ఈనాటికీ నిలిచి ఉంది.

(ఆ) సాధనం చెడిపోవడం: హార్డ్ డిస్క్‌లో కదిలే భాగాలు ఉంటాయి; కింద పడితే, లేదా ఏళ్ళ తరబడి తిరిగితే అవి అరిగిపోతాయి. పెన్ డ్రైవ్, మెమరీ కార్డు, ఎస్ఎస్‌డీలలో సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది. కరెంటు తగలకుండా ఏళ్ళు గడిస్తే ఆ ఆవేశం క్రమంగా జారిపోతుంది. ఇంట్లో రాసుకునే సీడీ, డీవీడీలలోని రంగు పొర వేడికి, వెలుతురుకు, తేమకు క్షీణిస్తుంది.

(ఇ) చదివే దారి మూసుకుపోవడం: ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ తీసిన గాజు పలకల నెగెటివ్‌లను నూరేళ్ళు దాటినా వెలుతురుకు ఎదురుగా పట్టి చూడవచ్చు. 2003లో రాసిన సీడీని అలా చూడలేం. డ్రైవ్ ఉండాలి, ఆ ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ ఉండాలి. తెలుగువారికి మరో చిక్కు కూడా ఉంది. యూనికోడ్ వాడుక పెరగక ముందు మనం అను వంటి ఫాంట్లలో టైపు చేసిన ఉత్తరాలు, జీవిత చరిత్రలు ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తాయి. ఫైలు చెక్కుచెదరలేదు, చదివే దారి మాత్రం పోయింది.

(ఈ) సేవ ఆగిపోవడం: మన దేశంలో ఎందరో ఫోటోలు పెట్టుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ఫోటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ 2021 జూన్ 1 నుంచి ఆగిపోయింది. రెండేళ్ళపాటు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. చనిపోయిన తండ్రి ఖాతాను పిల్లలు తెరవకపోతే ఏమవుతుందో ఆలోచించండి.

(ఉ) అర్థం పోవడం: ఫోటో ఉంటుంది, అందులో ఉన్నది ఎవరో చెప్పేవారు ఉండరు. ఈ నష్టం చప్పుడు లేకుండా జరుగుతుంది, దీనికి మరమ్మతు లేదు.

3. నిల్వ సాధనాల పోలిక

ఫోన్: తీయడానికి అనుకూలం, దాచడానికి కాదు. పోయే అవకాశం, పగిలే అవకాశం అన్నిటికంటే దీనికే ఎక్కువ.

పెన్ డ్రైవ్, మెమరీ కార్డు: ఒకచోటి నుంచి మరోచోటికి తీసుకుపోవడానికి వాడండి. దీర్ఘకాలం దాచడానికి వీటిని నమ్ముకోవద్దు.

బయటి హార్డ్ డిస్క్: తక్కువ ఖర్చుతో ఎక్కువ చోటు దొరుకుతుంది. నెలవారీ చెల్లింపులు, ఇంటర్నెట్ అవసరం లేదు. ఆరు నెలలకొకసారి కంప్యూటర్‌కు పెట్టి కొన్ని ఫైళ్ళు తెరిచి చూడాలి. సుమారు ఐదేళ్ళకొకసారి కొత్త డిస్క్‌లోకి మార్చడం మంచి అలవాటు.

క్లౌడ్: ఫైళ్ళు ఇంటికి దూరంగా ఉంటాయి కనుక స్థలానికి వచ్చే ప్రమాదం తాకదు. అయితే పాస్‌వర్డ్ మరిచినా, చెల్లింపు ఆగినా, కంపెనీ విధానం మారినా చిక్కే. ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఫోన్‌తో అనుసంధానమైన ఫోటో సేవలో మీరు ఫోన్‌లో తొలగించిన ఫోటో క్లౌడ్‌లోనూ తొలగిపోవచ్చు. దీన్ని సమకాలీకరణ అంటారు. ఒక చోట జరిగిన పొరపాటు మరో చోటికి పాకకుండా విడిగా ఉన్నప్పుడే అది నిజమైన బ్యాకప్.

వాట్సాప్: సాధారణంగా పంపిన ఫోటోను ఇది కుదించి పంపుతుంది, తీసిన తేదీ, స్థలం వంటి లోపలి వివరాలు కూడా పోతాయి. అసలు నాణ్యత కావాలంటే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపాలి.

కాగితం: ముఖ్యమైన యాభై ఫోటోలను మంచి కాగితం మీద ప్రింటు తీయించడం కూడా భద్రపరిచే పద్ధతే. దాన్ని చదవడానికి కరెంటు, పాస్‌వర్డ్ అక్కరలేదు.

4. ఎంపిక సూత్రం: మూడు, రెండు, ఒకటి

ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఇది: ప్రతి ముఖ్యమైన ఫైలుకు 3 కాపీలు ఉండాలి, అవి 2 వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలి, వాటిలో కనీసం 1 ఇంటి బయట ఉండాలి.

ఇందుకు ఎక్కువ డబ్బు అవసరం లేదు. శాలిబండలో ఉన్న ఒక కుటుంబాన్ని తీసుకుందాం. మొదటి కాపీ ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది. రెండోది హార్డ్ డిస్క్‌లో, అటక మీదో పై అంతస్తులోనో ఉంటుంది. మూడోది క్లౌడ్‌లో ఉండవచ్చు. లేదా మరో హార్డ్ డిస్క్‌లో వేరే ఊళ్ళో ఉన్న అక్క ఇంట్లో ఉండవచ్చు. పండుగకు వెళ్ళినప్పుడల్లా డిస్క్ మార్చుకుంటే సరిపోతుంది. అదే గల్లీలోని బంధువుల ఇల్లు మాత్రం ‘వేరే చోటు’ కాదు. ఒకే వాన రెండిళ్ళనూ ముంచగలదు.

ఇంటి ఆడవాళ్ళ ఫోటోలు, చికిత్స కాగితాలు క్లౌడ్‌లో పెట్టడం ఇష్టం లేని కుటుంబాలు చాలా ఉన్నాయి. అది గౌరవించవలసిన నిర్ణయం. వారు పాస్‌వర్డ్‌తో తాళం వేసిన రెండు డిస్కులను రెండు ఊళ్ళలో ఉంచుకోవచ్చు. ఆ పాస్‌వర్డ్ ఒక్కరికే తెలిస్తే అదీ ప్రమాదమే. ఇంట్లో కనీసం ఇద్దరికి తెలియాలి.

పరిచయంలో చెప్పిన అభ్యాసకురాలికి చివరికి దొరికినవి మహబూబ్‌నగర్‌లోని మేనత్తకు ఎప్పుడో వాట్సాప్‌లో పంపిన పద్నాలుగు ఫోటోలు. కుదించినవి కనుక పెద్దవి చేస్తే మసకబారాయి. అయినా తండ్రి ముఖం ఆ కుటుంబానికి మిగిలిందంటే, అనుకోకుండా ఒక కాపీ వేరే ఊరు చేరడం వల్లే. అనుకోకుండా జరిగిన ఆ పనిని అనుకొని చేయడమే ఈ సూత్రం సారం.

5. పాత వస్తువులను డిజిటల్ రూపంలోకి మార్చడం

ముందుగా క్యాసెట్లతో మొదలుపెట్టండి. ఫోటో ఇంకా కొన్నేళ్ళు ఆగుతుంది, టేపు ఆగదు. టేపు బూజు పడుతుంది, దాన్ని మోగించే యంత్రాలు, బాగుచేసేవారు కనుమరుగవుతున్నారు. యునెస్కో 2019లో మాగ్నెటిక్ టేపుల విషయమై ప్రపంచవ్యాప్తంగా హెచ్చరిక చేపట్టింది.

పోస్టుకార్డు సైజు ఫోటోలను 600 డీపీఐతో స్కాన్ చేయించండి. ఫోటోలకు టిఫ్ లేదా జేపెగ్, పత్రాలకు పీడీఎఫ్ వంటి అందరూ తెరవగలిగే రూపాలను ఎంచుకోండి. పాత ఫాంట్లలోని తెలుగు రాతను యూనికోడ్‌లోకి మార్చి, దానితోపాటు పీడీఎఫ్ ప్రతి కూడా ఉంచండి.

అసలు ప్రతిని పారేయవద్దు. ఇది నేను నష్టపోయి నేర్చుకున్న పాఠం. మా నాన్నగారు చెప్పిన కథల క్యాసెట్‌ను సీడీ చేయించి, ఇక దీంతో పనేముందని క్యాసెట్ తీసేశాను. పదేళ్ళ తరవాత ఆ సీడీ తెరుచుకోలేదు. ఆయన గొంతు ఇప్పుడు నా చెవుల్లో తప్ప ఎక్కడా లేదు.

తడిసిన వాటి గురించి ఒక మాట. తడిసిన డిస్క్‌ను ఆన్ చేసి చూడవద్దు. నిపుణుల దగ్గరికి తీసుకువెళ్ళాలి. అంటుకుపోయిన తడి ఫోటోలను లాగవద్దు. శుభ్రమైన చల్లని నీటిలో మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేటట్లు నీడలో ఆరబెట్టాలి.

6. పేర్లు, వారసులు

ఫైలు పేరు చూడగానే సంగతి తెలియాలి. ‘1987-05-పెళ్ళి-గౌలిపురా’ అని పెడితే సంవత్సరాల వరుసలో అవే అమరుతాయి. ప్రతి ఫోల్డర్‌లో ఒక చిన్న రాత ఫైలు పెట్టి, ఎడమ నుంచి కుడికి ఎవరెవరు ఉన్నారో రాయండి. ఇంటి పెద్దల పక్కన కూర్చొని ఒక్కో ఫోటో చూపిస్తూ ఫోన్‌లో వారి మాటలు రికార్డు చేయండి. పేర్లూ దొరుకుతాయి, వారి గొంతూ మిగులుతుంది.

అన్నీ దాచనక్కరలేదు. వేల ఫోటోల కుప్పలో ముఖ్యమైనది కనబడదు. ఏటా ఒక వంద ఎంచుకుంటే పిల్లలు వాటిని చూస్తారు.

మీ తరవాత ఎవరు? గూగుల్‌లో నిష్క్రియ ఖాతా నిర్వాహకం, ఆపిల్‌లో వారసత్వ పరిచయం అనే ఏర్పాట్లు ఉన్నాయి. మీరు లేనప్పుడు మీ సమాచారం ఎవరికి అందాలో వాటిలో ముందే చెప్పవచ్చు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా నామినీని నియమించుకునే హక్కును గుర్తించింది. బ్యాంకు ఖాతాకు నామినీ రాసినట్టే దీనికీ రాయండి.

7. సారాంశం

ఏ సాధనమూ శాశ్వతం కాదు. సాధనాలు మారుతూ ఉంటాయి కనుక జ్ఞాపకాలను ఒకదాని నుంచి మరొకదానికి మోసుకుపోయే మనిషి ప్రతి ఇంట్లో ఒకరు ఉండాలి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాలు, ఒకటి దూరంగా, ప్రతి దానికీ పేరు, ఏడాదికొకసారి పరిశీలన. ఇంతవరకు చేయగలిగితే మిగతాది వివరాల సంగతే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సమకాలీకరణకు, బ్యాకప్‌కు తేడా ఏమిటి?
2. ఫైలు చెడకపోయినా చదవలేని పరిస్థితి ఎలా వస్తుంది? ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. ‘మూడు, రెండు, ఒకటి’ సూత్రాన్ని క్లౌడ్ వాడని కుటుంబానికి అన్వయించి రాయండి.

అభ్యాసం: మీ ఇంట్లో పోతే మళ్ళీ దొరకని పది జ్ఞాపకాల జాబితా రాయండి. ఒక్కొక్కదానికి ఎదురుగా ఎన్ని కాపీలు ఉన్నాయో, ఎక్కడ ఉన్నాయో రాయండి. ఒకే కాపీ ఉన్నదానితో ఈ వారమే పని మొదలుపెట్టండి.