ఒక్క మెతుకు చాలదా?

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున్నే డాలస్ నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. పలకరింపులేమీ లేకుండానే, “అక్కా, శాంపిల్ అడుగుతున్నారు. పంపనా, వద్దా?” అంది.

తనకి ఈమధ్యే పని చేసుకునే అనుమతి కార్డు వచ్చింది. హెచ్4 వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఇంట్లో ఉండిపోయిన వాళ్ళకి ఆ కార్డంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. 2015 దాకా అసలు ఆ దారే లేదు. ఆ తర్వాతైనా అందరికీ కాదు, భర్తదో భార్యదో గ్రీన్ కార్డు వ్యవహారం కొంత దూరం నడిస్తేనే. పెళ్ళికి ముందు హైదరాబాదులో ఒక పత్రిక డెస్కులో పనిచేసిన పిల్ల. ఏడేళ్ళ తర్వాత మళ్ళీ ‘నా సంపాదన’ అనుకునే రోజు వచ్చింది. ఒక అనువాదాల ఏజెన్సీకి అప్లికేషన్ పెడితే, వాళ్ళు తొమ్మిది వందల పదాల ఇంగ్లీషు పంపి, “మంగళవారంలోగా తెలుగు చేసి పంపండి, నచ్చితే పని ఇస్తాం” అన్నారట. డబ్బు ఊసే లేదు.

“పంపకపోతే ఇది కూడా పోతుందేమో అక్కా” అంది. ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఆరేళ్ళ క్రితం నాదీ అదే గొంతు.

అప్పుడు నేను ఎడిసన్‌లో ఈ పని కొత్తగా మొదలుపెట్టాను. ఒక ఏజెన్సీ (పేరెందుకు లెండి) షుగర్ జబ్బు గురించి ఆరు వందల పదాలు పంపి శాంపిల్ చేసిమ్మంది. రెండు రాత్రులు కూచున్నాను. ‘ఫాస్టింగ్ షుగర్’ దగ్గరే గంట పట్టింది. ‘ఉపవాస రక్త చక్కెర’ అని రాస్తే మా అమ్మ అదేదో ఏకాదశి గొడవ అనుకుంటుంది. చివరికి ‘పరగడుపున చూసే షుగర్’ అని రాశాను. ఆ ‘పరగడుపు’ తట్టినందుకు ఎంత మురిసిపోయానో! పంపాను. జవాబు లేదు. రెండుసార్లు గుర్తు చేశాను. ఉలుకూ పలుకూ లేదు. నా తెలుగు వాళ్ళకి ఆనలేదు కాబోలు అనుకుని ఊరుకున్నాను.

ఐదు నెలల తర్వాత అమ్మని తీసుకుని ఒక క్లినిక్కి వెళ్తే, అక్కడ స్టాండులో రకరకాల భాషల కరపత్రాలు ఉన్నాయి. తెలుగుది తీశాను. మొదటి పేజీలోనే ‘పరగడుపున చూసే షుగర్’. ఆ పేజీలో నా వాక్యాలు ఒక్క అక్షరం మారలేదు. అమ్మ కళ్ళజోడు సర్దుకుని చదివి, “ఎవరో గానీ బాగా రాశారే” అంది. పేజీ తిప్పితే రెండో పేజీలో అదే మాట ‘రుధిర శర్కర పరిమాణము’ అయింది. మూడో పేజీలో ‘మీరు’ కాస్తా ‘నీవు’ అయింది. నాలుగోది ఇంకో తీరు. నలుగురి చేత నాలుగు శాంపిళ్ళు రాయించి ఒక కరపత్రం కుట్టారని నా అనుమానం. రుజువు చెయ్యలేను. కానీ నా పేజీ నాకు తెలుసు, దానికి నాకు ఒక్క డాలరు కూడా రాలేదని తెలుసు.

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు మనవాళ్ళు. నలుగురి గిన్నెల్లోంచి తలా ఒక గరిటె పట్టుకుపోతే అది ఉడుకు చూడడం కాదు, భోజనం కానిచ్చేయడం.

అలాగని శాంపిల్ అడగడమే తప్పంటానా? అనను. అవతలి వాళ్ళ ఇబ్బంది కూడా చూడాలి. తెలుగు అక్షరం ముక్క రాని క్లయింటు, నేను మంచి తెలుగు రాస్తానని దేన్ని చూసి నమ్మాలి? డిగ్రీ చూసి నమ్మలేరు. ‘మాతృభాష తెలుగు’ అన్నంత మాత్రాన అందరూ రాయలేరని మనకే తెలుసు. చీర కొనేటప్పుడు పది చీరలు విప్పించి చూడమూ? చూపించనంటే ఆ కొట్టుకి మళ్ళీ వెళ్ళం. కాకపోతే, విప్పిన చీర మనం కొనకపోయినా కొట్టువాడు మడిచి ఇంకొకరికి అమ్ముకుంటాడు. అదే టైలరు దగ్గరికి వెళ్ళి, “నా కొలతలకి ఒక జాకెట్టు ఊరికే కుట్టిపెట్టు, నచ్చితే మిగతావి నీకే ఇస్తా” అంటే ఒప్పుకుంటాడా? మనం వద్దంటే ఆ జాకెట్టు ఎవరికీ పనికిరాదు.

ఇన్నాళ్ళకి నాకు అర్థమైంది ఇదే. శాంపిల్ అడిగినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే: వాళ్ళు వద్దంటే ఇది నాకు పనికొస్తుందా? వస్తే సంతోషంగా చూపించండి. రాకపోతే అది శాంపిల్ కాదు, పని. పనికి డబ్బు అడగాలి.

కథలు రాసేవాళ్ళు ఇక్కడ నన్ను ఆపవచ్చు. “పత్రికకి కథ మొత్తం పంపుతాం కదా, అది మాత్రం ఊరికే కాదా?” అని. కాదు. తిరిగొచ్చిన కథ నాదే. ఇంకో పత్రికకి పంపుకుంటాను, పుస్తకంలో వేసుకుంటాను. అమెరికా చట్టం ప్రకారం రాసిన క్షణం నుంచే దాని మీద హక్కు రచయితది. సంతకం పెట్టిన కాగితం లేకుండా ఆ హక్కు ఇంకొకరి చేతికి పూర్తిగా పోదు. కానీ క్లయింటు పంపిన వ్యాసానికి అనువాదం చేస్తే సంగతి వేరు. మూలం వాళ్ళది. దాన్ని అనువదించి ప్రచురించే అనుమతి ఇవ్వవలసింది మూలం ఎవరిదో వాళ్ళే. నా రెండు రాత్రుల కష్టం నా కంప్యూటర్లోనే ఉన్నా, ఎక్కడా పెట్టుకోలేను, ఎవరికీ అమ్ముకోలేను. అచ్చం ఆ జాకెట్టే.

చట్టం ఆదుకోదా అంటే, కొంతవరకే. నది అవతల న్యూయార్క్ నగరంలో 2017లో ఫ్రీలాన్సర్ల కోసం ఒక చట్టం అమల్లోకి వచ్చింది. 2024 ఆగస్టు నుంచి ఆ రాష్ట్రమంతటికీ అలాంటిదే వచ్చింది. 800 డాలర్లు, అంతకు మించిన పనికి రాతలో ఒప్పందం ఉండాలి. తేదీ ఏదీ రాసుకోకపోతే, పని అయిన 30 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇల్లినాయిస్, కాలిఫోర్నియాల్లో కూడా ఇలాంటి చట్టాలు వచ్చాయి. మంచివే. కానీ అవి డబ్బు మాట్లాడుకుని చేసిన పనికి. మనంతట మనం ‘ఊరికే చేసిస్తాం’ అని ఒప్పుకున్న ఆరు వందల పదాలకి ఏ చట్టం ఏం చేస్తుంది?

మరి కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏం చూపించాలి? చెల్లికి చెప్పిందే మీకూ చెబుతాను.

మొదటిది, అడగకముందే మన శాంపిళ్ళు మనమే తయారుచేసి పెట్టుకోవడం. ఇక్కడి ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు తమ ఉద్యోగంలో భాగంగా రాసిన వాటికి ఈ దేశంలో కాపీరైటు ఉండదు. ఆరోగ్యం, పన్నులు, తుఫాను జాగ్రత్తలు, అన్నీ ఉంటాయి. ఆ సైట్లలో బయటివాళ్ళ దగ్గర తెచ్చిన బొమ్మలూ రాతలూ కూడా ఉండచ్చు, అవి వదిలేసి, రెండు వందల పదాలు తీసుకుని తెలుగు చెయ్యండి. ఇంగ్లీషు ఒక పక్క, తెలుగు ఒక పక్క పెట్టి పీడీఎఫ్ చెయ్యండి. సాహిత్యం వైపు వెళ్ళాలంటే 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ లాంటివి ఉన్నాయి. వాటి కాపీరైటు గడువు ఎప్పుడో తీరిపోయింది. ఇంగ్లీషులోకి ఒక పేజీ చేసి చూడండి, మీ సత్తా మీకే తెలుస్తుంది.

రెండోది, పరీక్ష పెడతామంటే ఒక మాట అడగడం: “ఈ వ్యాసం అందరికీ ఒకటేనా?” నిజంగా పరీక్షించేవాళ్ళు పాతదేదో ఒకటే వ్యాసం అందరికీ ఇస్తారు, లేకపోతే పోల్చి చూడలేరు కదా. వాక్యం మధ్యలో మొదలై మధ్యలో ఆగిపోయినా, అడుగున ‘పేజీ 3’ అని ఉన్నా, ‘రేపటికల్లా’ అని తొందరపెట్టినా జాగ్రత్తపడాలి. పరీక్షకి తొందరేమిటి? తొందర ఉండేది పనికి.

మూడోది, హద్దు. నా హద్దు నూట యాభై పదాలు. అంతవరకు ఊరికే చేస్తాను. ఏ నూట యాభై పదాలో నేను ఎంచుకుంటాను, ఆపైన నా రేటు. ఈ సంగతి రాసేటప్పుడు కోపం అక్కర్లేదు, సంజాయిషీ అసలే అక్కర్లేదు. “నా పాత పని ఇదిగో. మీ వ్యాసంలోంచి మొదటి పేరా కూడా చేసి పంపుతున్నాను. మిగతాది కావాలంటే పదానికి ఇంత, ఫలానా రోజుకి ఇస్తాను.” ఇంతే.

ఇలా రాస్తే కొన్ని పనులు పోతాయి. నాకు పోయాయి. తెలుగుకి ఇక్కడ పనే తక్కువ, అందులో కొంత పోగొట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు. కానీ నేను ఊరికే చేసిన ప్రతి పేజీ, నా తర్వాత వచ్చే పిల్లకి “ఇంతకు ముందు వాళ్ళు ఊరికే చేశారే” అని చూపించడానికి పనికొస్తుంది. అది తల్చుకుంటే, పోయినవి పోనీ అనిపిస్తుంది.

చెల్లి అలాగే రాసింది. ఏజెన్సీ నుంచి మళ్ళీ జవాబు రాలేదు. రెండు రోజులు ముభావంగా ఉంది. నేనే చెడగొట్టానా అని నాకూ లోపల పీకుతూనే ఉంది.

నిన్న రాత్రి మళ్ళీ ఫోన్ చేసింది. పని ఇంకా దొరకలేదు. అయితే సొంత శాంపిళ్ళు మూడు తయారయ్యాయట. మూడోది ‘దిద్దుబాటు’ మొదటి పేజీ. ఫోన్లోనే చదివి వినిపించింది. ఒకచోట తడబడింది గానీ, బాగుంది. చదవడం అయ్యాక అంది: “అక్కా, దీన్ని ఎవరూ తీసుకోకపోయినా ఇది నాదేగా?”

నీదే, అన్నాను.