పాత జిప్సీకి కొత్త ఊపిరి: ఖర్చుకూ ఒక క్రమమున్నది

భూమిపై సంచరించమని, సృష్టిని గమనించి ఆలోచించమని దివ్యఖుర్ఆన్ పలుచోట్ల మానవుణ్ణి పురికొల్పింది. భార్యతో ఉల్లాసంగా గడపడాన్ని, ఈత నేర్చుకోవడాన్ని వృథా కాలక్షేపంగా ఎంచరాదని నసాయీ సంకలనంలోని ఒక హదీసు తెలుపుతున్నది. కనుక సెలవు దినాల్లో కుటుంబంతో కలిసి సముద్రతీరానికి వెళ్ళడం, అలలపై పలకతో తేలే సర్ఫింగ్ నేర్చుకోవడం, కొండల్లో గుడారం వేసుకొని ఒక రాత్రి గడపడం హద్దులు మీరనంతవరకు ధర్మసమ్మతమైన వినోదాలే.

విశాఖ రుషికొండ తీరంలో నేడు సర్ఫింగ్ నేర్చుకొనే యువకులు కనిపిస్తున్నారు. అక్కడినుంచి కొన్ని గంటల దూరంలోనే అరకు కొండలున్నాయి. ఇలాంటి ప్రయాణాల కోసం పాత మారుతీ జిప్సీని కొని, బాగుచేసుకోవాలన్న కోరిక చాలామంది యువకుల్లో ఉన్నది. పాత వస్తువును పారవేయక బాగుచేసుకోవడం మంచి గుణం. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) తన చెప్పులను తానే కుట్టుకొనేవారని, దుస్తులకు తానే మాసికలు వేసుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. అయితే బాగుచేత పేరుతో దుబారా ప్రవేశించే ద్వారం కూడా ఇక్కడే ఉన్నది. ఆ రెంటినీ వేరుచేసే గీత ఎక్కడున్నది?

ధర్మశాస్త్ర పండితులు, ముఖ్యంగా ఇమామ్ షాతిబీ, మానవ ప్రయోజనాలను మూడు తరగతులుగా విభజించారు. లేకుంటే ప్రాణానికో ధర్మానికో ముప్పు వాటిల్లేవి జరూరియాత్. లేకుంటే కష్టం కలిగేవి హాజియాత్. ఉంటే అందాన్నిచ్చేవి తహ్‌సీనియాత్. మొదటిది తీరకుండా మూడవదానికి పరుగెత్తడం వివేకం కాదు. పాత వాహనం విషయంలో ఈ క్రమం కుటుంబ ప్రాణాలను కాపాడే సూత్రమవుతుంది.

జిప్సీ 1985లో మన దేశపు రోడ్లపైకి వచ్చింది. మొదట దాని ఇంజిను 970 సీసీ. 1996లో 1.3 లీటర్ల ఇంజినుతో జిప్సీ కింగ్ వచ్చింది. ఆ తరువాత సాధారణ కొనుగోలుదారులకు తయారీ ముగిసింది. నిచ్చెన వంటి ఉక్కు ఛాసిస్‌పై బాడీని బిగించిన నిర్మాణం, నాలుగు చక్రాలకూ కమాను కట్టలు, సుమారు టన్ను బరువు, అవసరమైనప్పుడు నాలుగు చక్రాలకూ శక్తినందించే గేరు దీని ప్రత్యేకతలు. నిర్మాణం సరళం కావడం వల్ల విజయవాడ ఆటోనగర్ వంటిచోట పనితెలిసిన మేస్త్రీ దీనిని పూర్తిగా విప్పి బిగించగలడు.

కొనేటప్పుడే మొదటి పరీక్ష ఎదురవుతుంది. మెరిసే రంగు చూసి మోసపోరాదు. బాడీపై అక్కడక్కడ ఒక అయస్కాంతాన్ని ఆనించండి. అది అంటుకోనిచోట రంగు కింద ఉన్నది ఇనుము కాదు, పుట్టీ. ఛాసిస్ దూలాలను చిన్న సుత్తితో తట్టండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పుతిన్నది బొద్దుగా పలుకుతుంది. దైవప్రవక్త (స) బజారులో ఒక ధాన్యపు రాశిలో చేయిపెట్టి, లోపలి తడిని బయటపెట్టి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించిన సంఘటన మనకు తెలిసినదే. తుప్పును పుట్టీతో కప్పి అమ్మేవారికీ, అలా కప్పిపెట్టే మేస్త్రీకీ ఆ హెచ్చరిక వర్తిస్తుంది.

కాగితాల పరీక్ష రెండవది. సొంత వాహనానికి రిజిస్ట్రేషన్ 15 సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత ఫిట్‌నెస్ పరీక్ష నెగ్గితే ఐదేళ్ళ చొప్పున పొడిగిస్తారు. ఛాసిస్ నంబరు, ఇంజిను నంబరు ఆర్సీతో సరిపోలాలి. సైన్యం వేలంలో అమ్మిన బండి అయితే వేలం పత్రాలు తప్పనిసరి. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, తయారీదారు నిర్దేశించిన రూపాన్ని ఇష్టానుసారం మార్చడాన్ని అనుమతించదు. ఇంజిను మార్చదలిస్తే రవాణాశాఖ అనుమతి పొంది, ఆర్సీలో నమోదు చేయించుకోవాలి. తెలియజేయని మార్పుల వల్ల ప్రమాద సమయంలో బీమా పరిహారం నిరాకరణకు గురికావచ్చు. దేశ చట్టాన్ని పాటించడం ఒప్పందపాలనలో భాగమేనని విశ్వాసి మరువరాదు.

ఇక జరూరియాత్. మొదటి రూపాయి ఛాసిస్‌కే చెందాలి. పెట్టె ఆకారపు దూలాల్లోకి నీరు చేరి, లోపలినుంచే తుప్పు తింటుంది. తుప్పు భాగాన్ని కోసివేసి కొత్త ఉక్కు ముక్క వెల్డింగ్ చేయించాలి, జింకు ప్రైమరు వేయించాలి, నీరు జారే రంధ్రాలను శుభ్రం చేయించాలి. రెండవ రూపాయి బ్రేకులది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరిన ఆయిల్ ఘాట్ రోడ్డు దిగేటప్పుడు వేడికి మరిగి, బ్రేకు పట్టు తప్పుతుంది. కాబట్టి రెండేళ్ళకొకసారి దానిని మార్చాలి. పగుళ్ళుబారిన రబ్బరు గొట్టాలను కూడా మార్చాలి. అరిగిన కమాను బుష్షులు, పాత రేడియేటర్ పైపులు ఆ తరువాతివి.

టైరు గాడులు లోతుగా ఉన్నంతమాత్రాన అది మంచిదని భావించరాదు. దాని పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 1516 అని ఉంటే 2016వ సంవత్సరం 15వ వారంలో తయారైనదని అర్థం. ఆరేళ్ళు దాటిన టైరును నిపుణునికి తప్పక చూపించాలి. జిప్సీ వెనుకభాగంలో తరచూ కనిపించే ఎదురెదురు బల్ల సీట్లకు సీటుబెల్టులుండవు. పిల్లలను అక్కడ కూర్చోబెట్టి రహదారిపై పరుగెత్తించడం వారి ప్రాణాలతో చెలగాటం. ఎన్ని బెల్టులో అందరే ప్రయాణికులు. ఆకలితో కృశించిన ఒంటెను చూసి, నోరులేని జీవాల విషయంలో దైవభీతి కలిగివుండమని ప్రవక్త (స) బోధించారు. నోరు లేని పశువుపట్లనే ఇంత బాధ్యత ఉంటే, మనల్ని నమ్మి వాహనమెక్కిన పసివారిపట్ల ఎంత ఉండాలి!

హాజియాత్‌లో మొదటిది నీళ్ళ డబ్బా, రెండవది ప్రథమచికిత్స పెట్టె. ఆ తరువాతే చిన్న ఫ్రిజ్, దీపాలు. వాటికోసం రెండవ బ్యాటరీ పెట్టుకొంటే ఉదయం ఇంజిను స్టార్టు కాని పరిస్థితి రాదు. 100 ఆంపియర్ అవర్ల సాధారణ బ్యాటరీలో సగమే వాడుకోవాలి. సగటున గంటకు రెండు ఆంపియర్లు తీసుకొనే ఫ్రిజ్ దానిపై సుమారు ఒకరోజు నడుస్తుంది. ప్రతి తీగకూ బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. తొమ్మిది అడుగుల సర్ఫింగ్ పలకను పైకప్పు కడ్డీలకు మెత్త వేసి బిగించి, ముందు వెనుక కొసలను కూడా కట్టాలి. పైన బరువు పెరిగేకొద్దీ మలుపుల్లో బండి బోల్తాపడే అవకాశం పెరుగుతుంది కనుక బరువైన సామాను కిందనే ఉండాలి.

ఒక హెచ్చరికను ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి. ఇంజిను నడుస్తుండగా మూసిన వాహనంలో నిద్రించరాదు. వాహనంలోగాని, మూసిన గుడారంలోగాని స్టవ్వు, బొగ్గుల కుంపటి వెలిగించరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

తహ్‌సీనియాత్ చివరివి. మంచి రంగు, శుభ్రమైన సీట్లు నిషిద్ధం కావు, అల్లాహ్ సౌందర్యాన్ని ఇష్టపడతాడు. కాని బ్రేకులు బాగుచేయకముందే వెడల్పు టైర్లు, కళ్ళు చెదరగొట్టే దీపాలు, చెవులు చిల్లులుపడే హారన్లు కొనడం దుబారా. అది గొప్పలు చాటుకొనే వ్యాధి కూడా. ముందు బిగించే ఇనుప బుల్ బార్ పాదచారులకు ప్రాణాంతకం కనుక వాటిపై చర్య తీసుకోవాలని 2017లో కేంద్ర రవాణాశాఖ రాష్ట్రాలను ఆదేశించింది.

ప్రయాణంలోనూ మర్యాదలున్నాయి. బండిని గట్టినేలపైనే నిలిపి ఇసుకలోకి నడిచి వెళ్ళాలి. చలికాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆంధ్ర తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి, చక్రం కింద పడితే ఒక తరమే నశిస్తుంది. విశాఖ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఎందరినో పొట్టనబెట్టుకొన్నాయి. శిక్షకుడు లేకుండా పిల్లలను అలల్లోకి పంపరాదు. తిరిగివచ్చిన రోజే బండి అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. ఉప్పు ఒక్క వారంలో చేసే నష్టం, మేస్త్రీ నెలరోజుల శ్రమను వృథా చేస్తుంది.

అలల ఆనందంలో నమాజు వేళ దాటిపోరాదు. షరీఅత్ నిర్ణయించిన దూరం దాటిన ప్రయాణికుడు జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులను నాలుగుకు బదులు రెండు రకాతులు చేస్తాడు. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. సముద్రపు నీరు శుద్ధమైనదేనని, దానితో వుజూ చేయవచ్చునని ప్రవక్త (స) స్పష్టం చేశారు. తీరాన నిలిచినవారికి తయమ్ముమ్ అవసరం సాధారణంగా రాదు. విశాఖనుంచి ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా ఉంటుంది. కడలి మన వెనుక, కొండలు మన ముందు.

ఒంటెను కట్టివేసి ఆ తరువాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ నేటి వాహనానికీ వర్తిస్తుంది. ప్రయాణపు దుఆ చదివి తాళంచెవి తిప్పేముందు, ఛాసిస్, బ్రేకులు, బెల్టులు సరిచూడడమే ఆ కట్టివేత. వాహనం, ధనం, సంతానం మూడూ మన చేతిలోని అమానతులు. వాటిని గురించి ప్రశ్నించబడే దినం ఉన్నది. ప్రయాణికులందరినీ అల్లాహ్ క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక. ఆమీన్.