రెండో భాష, నాలుగున్నరేళ్లు

రెండు భాషలు మాట్లాడేవారికి డిమెన్షియా లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపిస్తాయని చెప్పిన పరిశోధన హైదరాబాద్‌లో జరిగింది. 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో వచ్చిన ఆ వ్యాసానికి ప్రధాన రచయిత్రి నాడీవైద్య నిపుణురాలు డాక్టర్ అల్లాడి సువర్ణ. అప్పట్లో ఆమె పంజాగుట్టలోని నిమ్స్‌లో పనిచేసేవారు. తరవాత బెంగళూరు నిమ్హాన్స్‌కు మారారు. వార్తల్లోకెక్కింది ఆ ఒక్క అంకె. ఆ అంకె రావడానికి ముందు చేసిన పనిలోనూ, వచ్చాక వేసుకున్న ప్రశ్నల్లోనూ అంతకన్నా ఎక్కువ విషయం ఉంది.

డిమెన్షియా అనేది ఒకే జబ్బు పేరు కాదు. జ్ఞాపకం, ఆలోచన, మాట, నడవడిక క్రమంగా దెబ్బతిని రోజువారీ పనులు చేసుకోలేని స్థితిని అలా పిలుస్తారు. దానికి అన్నిటికన్నా ఎక్కువగా కారణమయ్యేది అల్జీమర్స్. మెదడు రక్తనాళాలు దెబ్బతినడం వల్ల వచ్చేది మరొకటి. మెదడు ముందు, పక్క భాగాలు కుంచించుకుపోవడం వల్ల వచ్చే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియా ఇంకొకటి. ఈ చివరిది తరచు అరవై లోపే మొదలవుతుంది. మరపు కన్నా ముందు మనిషి స్వభావమే మారిపోతుంది కాబట్టి ఇంట్లోవాళ్లు దాన్ని జబ్బుగా కాక మొండితనంగానో పొగరుగానో చూస్తారు.

ఈ తేడాల మీద సువర్ణ చేసిన తొలి ముఖ్యమైన పని కేంబ్రిడ్జిలో, జాన్ హాడ్జెస్ బృందంతో. బతికుండగా వైద్యులు నమోదు చేసిన లక్షణాలను, మరణానంతరం మెదడు పరీక్షలో బయటపడిన జబ్బుతో పోల్చి చూసిన ఆ అధ్యయనం 2007లో ‘బ్రెయిన్’ పత్రికలో వచ్చింది. అల్జీమర్స్ ఎప్పుడూ మరపుతోనే మొదలవుతుందన్న నమ్మకం అక్కడ నిలవలేదు. కొందరిలో అది మాట తడబాటుగా, మరికొందరిలో చూపుకు సంబంధించిన చిక్కుగా మొదలైంది. కళ్లు బాగానే ఉంటాయి, ఎదురుగా ఉన్న వస్తువు మాత్రం దొరకదు. ఆ వ్యాసం రచయితల్లో ఒకరైన థామస్ బాక్, తరవాత ఎడింబరో నుంచి హైదరాబాద్ అధ్యయనంలో పాలుపంచుకున్నారు.

నిమ్స్‌లో సువర్ణ, డాక్టర్ సుభాష్ కౌల్ తదితరులు నడిపిన మెమరీ క్లినిక్‌కు మొదట ఎదురైన సమస్య భాషల సంఖ్య కాదు, పరీక్ష కాగితం. కేంబ్రిడ్జి ఆసుపత్రి పేరు మీద ఉన్న ఆడెన్‌బ్రూక్స్ పరీక్షకు 100 మార్కులు. ఒక పేరు, చిరునామా మూడుసార్లు చెప్పించి కాసేపాగి మళ్లీ అడుగుతారు. నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో లెక్కపెడతారు. ఫలానా అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమంటారు. గడియారం బొమ్మ గీసి ముళ్లు పెట్టమంటారు. బడి ముఖం చూడని రైతు జంతువుల పేర్లు గడగడా చెప్పేస్తాడు. అక్షరంతో మాటలంటే మాత్రం తెల్లముఖం వేస్తాడు, ఎందుకంటే మాటను అక్షరాలుగా విడదీయడం బడిలో అబ్బే విద్య. ఎన్నడూ పెన్ను పట్టని చేతికి గడియారం గీయడమూ అంతే. అతనికి తగ్గిన మార్కులు జబ్బువా, చదువులేనితనానివా? ఇది తేలకుండా ఎవరికి డిమెన్షియా ఉందో చెప్పడం కుదరదు. అందుకే ఆ పరీక్షను తెలుగుకు, హిందీకి అనుగుణంగా తిరగరాసి, చదువురానివారి కోసం వేరుగా సిద్ధం చేసుకున్నారు. ఇలాంటి పనికి పేరు రాదు కానీ, పునాది ఇదే.

రెండు భాషల సంగతిని హైదరాబాద్ ఫలితాలు రాకముందే కెనడాలో ఎలెన్ బియాలిస్టాక్ లేవనెత్తారు. 2007లో టొరంటోలో 184 మంది రోగుల వివరాలు చూసినప్పుడు, రెండు భాషలవారిలో లక్షణాలు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. అయితే అక్కడ రెండు భాషలవారిలో చాలామంది వలస వచ్చినవారు. దేశం దాటి వచ్చేవాళ్లు సహజంగానే ఆరోగ్యవంతులు, పట్టుదల గలవాళ్లు అయి ఉండవచ్చు కదా? ఫలితం భాషదా, వలసదా అన్న అనుమానం అలాగే మిగిలిపోయింది.

హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ లేదా హిందీ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడేవారు ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లే. చదువుకోని కూలీకి, దుకాణదారుకు కూడా రెండో భాష వచ్చు. 2006 నుంచి 2012 వరకు క్లినిక్‌లో డిమెన్షియా నిర్ధారణ అయిన 648 మందిని లెక్కలోకి తీసుకున్నారు. వారిలో 391 మందికి రెండు గాని, అంతకన్నా ఎక్కువ గాని భాషలు వచ్చు. లక్షణాలు మొదలైన సగటు వయసు ఒకే భాష వచ్చినవారిలో 61.1 ఏళ్లు, మిగతావారిలో 65.6. అల్జీమర్స్‌లోనే కాదు, రక్తనాళాల డిమెన్షియాలోనూ ఫ్రంటోటెంపొరల్ రకంలోనూ ఆ తేడా కనిపించింది. చదువు, వృత్తి, స్త్రీ పురుష భేదం, పల్లె పట్నం తేడాలను లెక్కగట్టి పక్కనపెట్టినా అది చెరగలేదు. అసలు బలం చదువురానివారి ఫలితంలో ఉంది. వారిలోనూ ఆలస్యం కనిపించింది కాబట్టి ఇదంతా చదువు చలవే అనడానికి వీల్లేకపోయింది. మూడో భాష, నాలుగో భాష వల్ల అదనపు లాభం మాత్రం ఏమీ కనబడలేదు.

దీనికి పరిశోధకులు చెప్పే కారణం ఇది. రెండు భాషలు వచ్చినవారు ఒక భాషలో మాట్లాడుతున్నప్పుడు రెండోది నిద్రపోదు. దాన్ని అణచి ఉంచడం, అవసరమైనప్పుడు చటుక్కున మారడం మెదడుకు నిత్యం ఉండే పని. దృష్టిని అదుపు చేసే వ్యవస్థకు అలా కసరత్తు జరుగుతుంది. జబ్బు రావడం ఆగదు. వచ్చినా మెదడు మరికొంత కాలం నెట్టుకొస్తుంది.

ఈ వివరణకు బలమిచ్చినవి తరవాతి రెండు అధ్యయనాలు. 2016లో ‘స్ట్రోక్’ పత్రికలో వచ్చిన వ్యాసంలో, పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించారు. పక్షవాతం తరవాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవారు రెండు భాషలవారిలో 40.5 శాతం, ఒకే భాషవారిలో 19.6 శాతం. మాట పడిపోవడంలో మాత్రం ఇరువురికీ పెద్ద తేడా లేదు. ఆ మరుసటి ఏడాది ఫ్రంటోటెంపొరల్ రోగుల మీద వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తీరు. నడవడిక మారే రకం ఆలస్యమైంది, మాట పోయే రకం కాలేదు. రెండు భాషలు నేర్చినందుకు భాషకే రక్షణ దొరక్కపోవడం మొదట వింతగా తోస్తుంది. కసరత్తు జరిగేది పదాల కొట్టుకు కాదు, అదుపుకు అనుకుంటే వింత ఏమీ లేదు.

అభ్యంతరాలు కూడా గట్టివే. క్లినిక్‌కు వచ్చినవారినే లెక్కించడం, లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో కుటుంబం గుర్తు చేసుకుని చెప్పినదాని మీద ఆధారపడటం ఇలాంటి అధ్యయనాలన్నిటికీ ఉన్న బలహీనతలు. “పెద్దతనం, చాదస్తం” అని రెండేళ్లు సర్దుకుపోయిన ఇల్లు ఒకటి, మొదటి నెలలోనే ఆసుపత్రికి పరిగెత్తే ఇల్లు మరొకటి. ఆరోగ్యంగా ఉన్నవారిని ముందే ఎంచుకుని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాల్లో ఫలితం ఇంత స్పష్టంగా రాలేదు. న్యూయార్క్‌లో స్పానిష్ మాట్లాడే వలస వృద్ధులను అలా గమనించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంగ్లీషు కూడా వచ్చినవారికి డిమెన్షియా ముప్పు తగ్గినట్టు కనబడలేదు. ముసలితనంలో కొత్త భాష నేర్చుకుంటే జబ్బు దూరమవుతుందని చెప్పడానికి హైదరాబాద్ ఫలితం ఆధారం కాదు. అక్కడివాళ్లు ఆ భాషలను బతుకుతెరువులో భాగంగా ఏళ్ల తరబడి వాడినవాళ్లు.

పరీక్ష కాగితం సమస్య మాత్రం దేశమంతటిదీ. భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ఉమ్మడి పరీక్షల సంపుటి తయారీలో సువర్ణది ప్రధాన పాత్ర. హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడం, మలయాళం భాషల్లో, వేరువేరు నగరాల ఆసుపత్రుల వైద్యులు కలిసి దాన్ని రూపొందించారు. హైదరాబాద్‌లో తెలుగులో పరీక్షించిన రోగి ఫలితాన్ని కోల్‌కతాలో బెంగాలీలో పరీక్షించినవారి ఫలితంతో పోల్చాలంటే రెండుచోట్లా పరీక్ష ఒకే బరువుతో ఉండాలి. ఆ సంపుటి వివరాలు 2020లో వెలువడ్డాయి.