జరీ అట్టయు జమాబందియు

లండనునందలి బ్రిటిషు లైబ్రరీలో 1572వ సంవత్సరమున ముద్రితమైన లాటిను గ్రంథమొకటి కలదు. దాని అట్ట ఆకుపచ్చని మఖమలు. ఆ మఖమలుపై రంగురంగుల పట్టుదారములతోను, వెండి బంగారు జరీతోను చేసిన కుట్టుపని చూపరుల నాకర్షించును. చుట్టును కొయ్యకంచె, లోపల గులాబిపొద, చెంతల జింకలు. అది రాజులు వేటకై కంచె వేయించు వనము. అట్టి వనమును ఆంగ్లేయులు పార్కు అందురు. దాని కావలివాడు పార్కరు. గ్రంథమును సమర్పించినవాడు మాథ్యూ పార్కరు. అందుకొన్నది ఎలిజబెత్తు రాణి. గులాబి ఆమె ట్యూడరు వంశమునకు చిహ్నము. కవి పద్యములో నిమిడ్చెడి శ్లేషను ఇచట సూది చేసినది.

పార్కరు 1504లో నార్విచ్ నగరమున జన్మించి, 1559లో కాంటర్బరీ ఆర్చిబిషప్పై, ఆంగ్ల మతసంస్థకు పెద్ద యయ్యెను. ఆ పీఠము నధిష్ఠించిన 70 మంది చరిత్రయే ఈ గ్రంథము. జాన్ డే అను ముద్రాపకుడు దీనిని ముద్రించెను. అమ్మకమునకు గాక, మిత్రులకును ప్రభువులకును కానుకగా నిచ్చుటకే స్వల్పసంఖ్యలో ప్రతులు వెలువడినవి. చిత్రకారులను, లేఖకులను, పుస్తకములు కట్టువారిని పార్కరు జీతమిచ్చి తన యింటనే పోషించుచుండెను.

ఈ వైభవమునకు వెనుక నొక విధ్వంసము కలదు. ఎనిమిదవ హెన్రీ 1536 మొదలు 1540 వరకు ఇంగ్లండునందలి మఠములను మూయించి వాని యాస్తులను స్వాధీనము చేసికొనెను. భూములకు కొనుగోలుదారులు దొరకిరి. గ్రంథములకు దిక్కు లేకపోయెను. దీపపు సెమ్మెలు తోముటకును, బూట్లు తుడుచుటకును పుస్తకపు పత్రములు వాడబడినవనియు, మిగిలినవి పచారీ వర్తకులకును సబ్బు అమ్మువారికిని చేరినవనియు జాన్ బేల్ 1549లో వాపోయెను. ఒక జాతి తొమ్మిదివందల యేండ్లు వ్రాసికొన్న వ్రాత ఒక్క తరములో చిల్లర సరకులకు పొట్లమయ్యెను.

పార్కరు ఆ శేషమును ప్రోగుచేయ బూనెను. ఇండ్లలో దాగిన వ్రాతప్రతులను చూచుటకును, ఎరవు తెచ్చి తిరిగి యిచ్చుటకును 1568లో రాణిగారి మంత్రాంగసభ ఆయన కధికార మొసగెను. మరుగుపడిన ప్రాచీనాంగ్ల భాషను అచ్చువేయుటకై ఆయన ప్రోత్సాహమున జాన్ డే ప్రత్యేకముగా అక్షరములు పోత పోయించెను.

ఆయన నిష్పక్షపాతి యని మేము చెప్పజాలము. తమ మతసంస్థ రోముకు లొంగనవసరము లేనంత ప్రాచీనమైనదని నిరూపించుటయే ఆయన ముఖ్యాశయము. పాతప్రతులపై ఎఱ్ఱసుద్దతో గీతలు గీచెను. ఒక గ్రంథపు పత్రములను వేరొకదానికి చేర్పించెను. నేటి పండితులు హర్షింపని పనులివి. అయినను, ఆయన చేయి తాకకున్నచో వానిలో పెక్కింటికి సబ్బుకొట్టే గతియై యుండెడిది.

సంపాదించుట యొక యెత్తు, నిలుపుట యొక యెత్తు. పార్కరు నాలుగువందలకు పైచిలుకు వ్రాతప్రతులను కేంబ్రిడ్జినందు తాను చదివిన కార్పస్ క్రిస్టీ కళాశాలకు ధారపోయుచు, ఒక కఠినమైన యొడంబడిక వ్రాయించెను. ఏటేట పొరుగు కళాశాలల వారు వచ్చి పుస్తకములను లెక్కింపవలెను. పత్రము పోయిన జుల్మానా చెల్లింపవలెను. అశ్రద్ధవలన పెద్ద పుస్తకములు ఆరుగాని, నడిమి పరిమాణమువి ఎనిమిదిగాని, చిన్నవి పన్నెండుగాని పోయి, ఆరుమాసములలో తిరిగి చేరకున్నచో, యావత్తు గ్రంథాలయమును, ఆయన యిచ్చిన వెండిపాత్రలును గాన్విల్ అండ్ కీస్ కళాశాల పరము కావలెను. వారును తప్పినచో ట్రినిటీ హాలు పరము కావలెను. మానవుని భక్తినిగాక, పొరుగువాని కన్నును నమ్మిన యొడంబడిక యిది!

ఫలితము కన్నులయెదుట నున్నది. ఆరవ శతాబ్దపు సువార్తగ్రంథము, ఆంగ్లోసాక్సను వృత్తాంతముయొక్క మిక్కిలి ప్రాచీనమగు ప్రతి నేటికిని ఆ కళాశాలయందే యున్నవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపు తోడ్పాటుతో తీసిన వాని ఛాయాచిత్రములు 2018 నుండి లోకమున కెల్లరకును ఉచితముగా లభించుచున్నవి.

రాణి చేతి మఖమలు అట్టను మనము మెచ్చుకొందుము, మెచ్చుకొనదగినదే. కాని అది ఒక పుస్తకమును మాత్రమే కప్పినది. ఆ ఒడంబడిక ఒక జాతి జ్ఞాపకమును కాపాడినది. పొలమునకు జమాబందియున్నది, పంటకు పద్దున్నది. ఇంటనున్న పాత గ్రంథమునకు లెక్క యేది? దానిని ఏటికొకమారు దింపి, దులిపి, పత్రములు లెక్కించి, తన తరువాత అది యెవరిది కావలెనో వ్రాసియుంచిన గృహస్థుడు జరీ లేకయే దానికి గట్టి అట్ట వేసినవాడగును.