పెద్ద హార్డ్ డిస్కులు: సర్దేముందు ఒక మాట



వైకుంఠ ఏకాదశి నాడు గుడికి వచ్చినవాళ్లకు చెప్పుల స్టాండు సంగతి తెలిసిందే. పొద్దున్నే వచ్చిన కుటుంబం జోళ్లన్నీ ఒకే అరలో పెట్టుకుంటుంది. పదకొండింటికి వచ్చినవాళ్లకు అలా కుదరదు. నాన్నవి కింది అరలో, అమ్మాయివి పై అరలో, తాతగారివి గుమ్మం పక్కన. దర్శనం అయ్యాక అన్నీ తెచ్చుకోవాలంటే నాలుగు చోట్లా వెతకాలి.

హార్డ్ డిస్కులో జరిగేదీ ఇదే. 1956లో ఐబీఎం సంస్థ తెచ్చిన మొదటి డిస్కు నుంచి ఇప్పటి దాకా పద్ధతి ఒక్కటే: తిరిగే పళ్లేలు, వాటి మీద కదిలే హెడ్. పాత ఫైళ్లు చెరిపేస్తూ కొత్తవి పెడుతూ ఉంటే, ఒక్కో ఫైలు దొరికిన ఖాళీల్లో ముక్కలుగా సర్దుకుంటుంది. చదివేటప్పుడు హెడ్ ప్రతి ముక్క దగ్గరికీ వెళ్లాలి. నిమిషానికి 5400 సార్లు తిరిగే డిస్కులో ఇలా వెళ్లడానికి ఒక్కో ముక్కకు సుమారు 15 మిల్లీసెకన్లు పడుతుంది. వెయ్యి ముక్కలుంటే ఎదురుచూపులకే 15 సెకన్లు పోతాయి. ముక్కలను ఒకచోటికి చేర్చడమే డీఫ్రాగ్మెంటేషన్.

మనలో చాలామంది ఇళ్లలో ఇప్పుడు 4 టెరాబైట్ల డిస్కులున్నాయి. పాత టేపులను 2025లోగా డిజిటల్‌లోకి మార్చుకోకపోతే వాటిని పోగొట్టుకునే ప్రమాదం ఉందని కాన్‌బెర్రాలోని నేషనల్ ఫిల్మ్ అండ్ సౌండ్ ఆర్కైవ్ 2015లోనే హెచ్చరించింది. నేనూ మా నాన్నగారి షష్టిపూర్తి టేపును అలాగే ఒక డిస్కులోకి ఎక్కించాను.

రెండేళ్లకు ఆ డిస్కు నెమ్మదించింది. మధ్యమధ్య టిక్ టిక్‌మని చప్పుడు కూడా చేసేది. ముక్కలు ఎక్కువయ్యాయి కాబోలు అనుకుని, రాత్రి డీఫ్రాగ్ నొక్కి పడుకున్నాను. తెల్లారేసరికి కంప్యూటరుకు ఆ డిస్కు కనిపించలేదు. డబ్బు పోసి బాగుచేయిస్తే చాలావరకు తిరిగొచ్చింది. చివర్లో అమ్మ పాడిన మంగళహారతి మాత్రం రాలేదు. అమ్మ ఇప్పుడు లేదు.

నా పొరపాటు ఏమిటంటే, నెమ్మదించడానికి కారణం ముక్కలే అనుకోవడం. చప్పుడు చేసే డిస్కు జబ్బుపడిన డిస్కు. డీఫ్రాగ్ దాని చేత రాత్రంతా చదివించి, రాయించి, మరింత అలసిపోయేలా చేస్తుంది. ముందు చేయాల్సింది వేరే డిస్కులోకి కాపీ. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున 4 టెరాబైట్లు కాపీ కావడానికే 11 గంటలు దాటుతుంది. కాబట్టి అన్నిటికన్నా ముఖ్యమైనవి ముందు కాపీ చేసుకోండి.

డిస్కు ఆరోగ్యంగా ఉంటే ఇలా చేయండి. విండోస్ సెర్చ్‌లో ‘డీఫ్రాగ్’ అని ఇంగ్లీషులో కొడితే ‘డీఫ్రాగ్మెంట్ అండ్ ఆప్టిమైజ్ డ్రైవ్స్’ వస్తుంది. అందులో ‘మీడియా టైప్’ చూడండి.

‘హార్డ్ డిస్క్ డ్రైవ్’ అని ఉంటే ముందు ‘ఎనలైజ్’ నొక్కండి. ముక్కల శాతం తక్కువగా ఉంటే వదిలేయండి. ఎక్కువగా ఉంటే ‘ఆప్టిమైజ్’ నొక్కండి. జోళ్లు అటూ ఇటూ మార్చాలంటే అరలో చోటు ఉండాలి కదా, అలాగే డిస్కులో 15 శాతమైనా ఖాళీ ఉంచండి. పని జరుగుతుండగా కేబుల్ పీకకండి.

‘సాలిడ్ స్టేట్ డ్రైవ్’ అని ఉంటే డీఫ్రాగ్ అక్కర్లేదు. అందులో కదిలే హెడ్ ఉండదు, ఏ ముక్క ఎక్కడున్నా ఇట్టే అందుతుంది. ఊరికే మళ్లీమళ్లీ రాయిస్తే దాని ఆయుష్షే తగ్గుతుంది. దానికి కావలసిన ‘ట్రిమ్’ పనిని విండోస్ తనే చూసుకుంటుంది.

పెళ్లి వీడియోల వంటి పెద్ద ఫైళ్ల గురించి బెంగ వద్దు. ఒక్కో ముక్క 64 మెగాబైట్లు దాటితే విండోస్ కూడా మామూలుగా దాన్ని కదపదు. అంత పెద్ద ముక్క చదవడానికి పట్టే సమయంతో పోలిస్తే, ఆ ముక్క దగ్గరికి వెళ్లే సమయం లెక్కలోకి రాదు.

చివరిగా, సర్దడం వేరు, దాచుకోవడం వేరు. ఎంత చక్కగా సర్దినా డిస్కు ఒక్కటే ఉంటే అది పోయిన రోజు అన్నీ పోయినట్టే. ఇంట్లో రెండు కాపీలు ఉంచుకుని, ఈసారి ఇండియా వెళ్లినప్పుడు మూడోది అన్నయ్య ఇంట్లోనో అక్కయ్య ఇంట్లోనో ఉంచి రండి. జనవరి ఎండలో డిస్కును కారులో వదలకండి.

ఈ ఆదివారం భోజనాలయ్యాక ఇంటికి వెళ్లి, మీ డిస్కు ఒక్కసారి చెవి దగ్గర పెట్టుకుని వినండి. టిక్ టిక్ వినిపిస్తే ఆ రోజే కాపీ మొదలుపెట్టండి.