చేతులు మారినా ధర పెరిగే కారు

కమలాపురంలో సెకండ్ హ్యాండ్ కారు బేరానికి కూర్చుంటే ముందుగా వచ్చే ప్రశ్న: ఎన్నో ఓనరు? మూడో చెయ్యి అని తెలిస్తే ధర దిగిపోతుంది. చేతులు మారేకొద్దీ బండి అరుగుతుందని లెక్క. మామూలు కార్లకు ఆ లెక్క సరైనదే. కానీ పాత ఓనరు పేరు తోడై ధర ఆకాశానికెక్కిన బండ్లూ ఉన్నాయి.

2018 ఆగస్టులో కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో జరిగిన వేలంలో 1935 నాటి డ్యూసెన్‌బర్గ్ ఎస్ఎస్‌జె కారు 2 కోట్ల 20 లక్షల డాలర్లు పలికింది. అప్పటి మారకంలో 150 కోట్ల రూపాయల పైమాటే. వేలంలో అమ్ముడైన అమెరికన్ కార్లలో అప్పటికి అదే రికార్డు. టాపు లేకుండా తిరిగే ఆ రెండు సీట్ల బండి ఒకప్పుడు హాలీవుడ్ నటుడు గ్యారీ కూపర్‌ది.

మరి అంత ధర కూపర్ పేరుకేనా? కాదనే నా అభిప్రాయం. ఎస్ఎస్‌జెలు తయారైనవే రెండు. రెండోది మరో నటుడు క్లార్క్ గేబుల్ దగ్గరికి చేరింది. డ్యూసెన్‌బర్గ్ వారి మామూలు మోడల్ జె కారు చక్రాల మధ్య దూరం 142 అంగుళాల పైన ఉంటే, వీటికి 125 అంగుళాలే. వరసగా ఎనిమిది సిలిండర్లు, ఇంజినులోకి గాలిని బలంగా తోసే సూపర్‌చార్జర్, కంపెనీ లెక్కలో 400 హార్స్‌పవర్. 1935లో అది నమ్మశక్యం కాని బలం. అయినా 1937లో ఆ కంపెనీ మూతపడింది.

ఇక్కడ ఓ సంగతి అర్థం చేసుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో లారీ చాసీకి బాడీ కట్టించుకున్నట్టే, ఆనాడు డ్యూసెన్‌బర్గ్ కొనేవాళ్లు చాసీ తీసుకుని తమకు నచ్చినచోట బాడీ కట్టించుకునేవాళ్లు. ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ తన కారుకు లండన్‌లోని గర్నీ నటింగ్ చేత బాడీ కట్టించుకున్నాడు. ఒక కారు బాడీ ఇంకో చాసీ మీదికి, ఒకదాని ఇంజిను మరొకదానిలోకి మారడం కూడా మామూలే. అందుకే ఇలాంటి కారు కొనేవాడు ఫలానా నటుడిదన్న మాట విని డబ్బు తీయడు. చాసీ నంబరు, ఇంజిను నంబరు కాగితాలతో సరిపోలాలి. ఎవరి నుంచి ఎవరికి చేరిందో గొలుసు తెగకుండా కనబడాలి. కూపర్ కారు తర్వాత రేసు డ్రైవరు బ్రిగ్స్ కన్నింగ్‌హామ్‌కు, 1986లో పాత కార్లు సేకరించే మైల్స్ కోలియర్‌కు చేరింది. ఇద్దరూ బండి విలువ తెలిసినవాళ్లే. ఇక్కడ చేతులు మారడం బండికి మేలే చేసింది.

మన దేశంలోనూ 50 ఏళ్లు దాటిన కార్లు, మోటారు సైకిళ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు, నంబరులో వీఏ అక్షరాలుంటాయి. బాడుగలకు తిప్పకూడదు. చాసీ, బాడీ, ఇంజిను పెద్దగా మార్చి ఉండకూడదన్నది ముఖ్యమైన షరతు. కాబట్టి మీ కొట్టంలో తాతల నాటి ఫియట్టో, జీపో మూలన పడి ఉంటే, డీజిలింజిను పెట్టించే ముందు ఒకసారి ఆలోచించండి. పాత ఆర్సీ, ట్యాక్సు రసీదులు, తాతగారు ఆ బండి పక్కన దిగిన ఫొటో ఉంటే అవన్నీ ఒకచోట భద్రం చేయండి.